వర్షిణి వెనక్కి తిరిగే చోటు

మా అమ్మాయి వర్షిణిని నంద్యాల హాస్టల్లో చేర్చింది నేనే. అక్కడ వరండాకు కూడా ఇనుప కడ్డీలున్నాయని చూసి, ఇక భయం లేదనుకున్నాను.

సెలవులకు ఆళ్లగడ్డలో ఇంటికి వచ్చింది. రాత్రి అన్నం తింటూ, తను చదివిన కథ ఒకటి చెప్పింది. అందులో ఒక పిల్లను ఏళ్ల తరబడి గదిలో పెట్టి తాళం వేస్తారట.

"జూలో పులిని పెట్టినట్ల," అన్నారు మా ఆయన.

"పులే నయం నాయనా. దాన్ని చూసేదానికి టికెట్ కొనుక్కోనన్నా వస్తారు."

ఆయన నవ్వారు. నేను మాత్రం, వార్డెనమ్మ ఎట్లాంటిదే అని అడిగాను.

"అందరూ మంచోళ్లే మా," అంది. అంత తొందరగా అనడమే నాకు నచ్చలేదు.

అర్ధరాత్రి అడుగుల చప్పుడుకు మెలకువ వచ్చింది. వర్షిణి హాల్లో నడుస్తోంది. గోడ దగ్గర బయల్దేరి, హాలు మధ్యకు రాగానే ఆగి వెనక్కి తిరుగుతోంది. అక్కడ బల్ల లేదు, కుర్చీ లేదు. అయినా ప్రతిసారీ అదే నేలబండ మీద తిరుగుతోంది.

"ఏం చేస్తాండావ్ పాపా? ఇట్ల రా."

"ఆడికి రాకూడదు మా."

"ఎవురు చెప్పినారు?"

బయటికన్నా వస్తుందేమోనని నేను వీధి తలుపు బార్లా తెరిచాను. వర్షిణి మళ్లీ ఆ బండ దాకా వచ్చి, రెండు చేతులూ ఎత్తి గాలిలో దేన్నో పట్టుకుంది. పిడికిళ్ల మధ్య నుంచి నన్ను చూసింది.

"చూసేదానికి వచ్చినావా మా?"

దగ్గరకు తీసుకుందామని చేయి చాపాను. నా వేళ్లకు చల్లగా ఇనుము తగిలింది.