చూడనిది రాయను

స్టేషనుకు ఎదురెళ్ళి కూర్మనాథం గారిని దింపుకోవాలి. స్కూలు హాలు తాళంచెవి తెచ్చుకోవాలి. మైకు సెట్టువాణ్ణి మధ్యాహ్నమే పట్టుకుని కూర్చోబెట్టాలి, లేకపోతే ఏ పెళ్ళికో పోతాడు. బల్లకు దుప్పటి, మెడకు దండ, వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టడానికి జీడిపప్పు పొట్లం. ప్రశ్నలు తయారు చేసుకోవాలి, ముందు రచన గురించి, తరవాత లోకం గురించి. అరవై ఎనిమిదిలో పలాసలో ఒక కథారచయితతో ముఖాముఖి అంటే అదే మొదలు. మిషన్ స్కూలు మాస్టారు దేవరాజు ఇవన్నీ ఒక్కడే చేసుకున్నాడు. సభ మధ్యలో లేచి నిలబడే ముసలామెను ఏం చెయ్యాలో మాత్రం అతను ముందుగా అనుకోలేదు.

సభ మొదలవగానే దేవరాజు మొదటి ప్రశ్న అడిగాడు. "మీ పాత్రలు మీకెక్కడ దొరుకుతాయండీ?"

"ఊహించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చూడనిది రాయను," అన్నాడు కూర్మనాథం. "ఇవాళ్టి లోకం ఎలా ఉందంటే, గాలివానలో పడవ పోతే పేపర్లో రెండు లైన్లు. జాలరులు గల్లంతు. అంతే. ఆ రెండు లైన్ల తరవాత ఏమైందో వెళ్ళి చూసి రాయడమే నా పని."

చప్పట్లు కొట్టారు. అవి ఆగాక వెనక నేలమీంచి ముసలామె లేచింది.

"అయితే నా కొడుకుని ఎక్కడ సూసినావు బాబూ?"

హాలంతా నవ్వింది. "మామ్మా, అడగాల్సినవి చివర్లో అడుగుదువుగాని," అన్నాడు దేవరాజు.

"రైలు సివర్దాకా ఆగదు బాబూ. డొంకూరు ఎల్లాల."

ఆమె పేరు బొడ్డమ్మ. పక్కన తల వంచుకుని కూర్చున్నది కోడలు నూకరత్నం.

"మా ఊరి మేస్టారు నీ కత సదివి ఇనిపించినాడు," అంది బొడ్డమ్మ. "పడవ ములిగిపోయి ఒడిసా గట్టున తేలినాడే, ఆడు. తిన్న సెయ్యి కడగడు, నెత్తికి రాసుకుంటాడు. తిడితే నవ్వుతాడు. ఆడు మా పైడయ్య కాదేటి?"

కూర్మనాథం నీళ్ళగ్లాసు అందుకున్నాడు. "అలాంటి అలవాటు ఎందరికో ఉంటుందమ్మా."

"కొత్త వల ముందు తన మెడలో ఏసుకొని సూసుకుంటాడని కూడా రాసినావు. ఆ ఎదవ పని మావోడు తప్ప ఎవుడు సేత్తాడు?"

ముందు వరసలో ప్లీడరు గుమాస్తా ఈశ్వరరావు కాలుమీద కాలు వేసుకున్నాడు. "సాక్షి బోనెక్కిందండీ. జవాబు చెప్పండి మరి."

దేవరాజు ఆమె దగ్గరికి వెళ్ళాడు. "నీకేం కావాలమ్మా?"

"ఈ గుంటకి ఎల్లుండి మారుమనువు అనుకున్నాం. కులపెద్దలు కుదిర్చినారు. కవిటి ఊరోడు, మంచోడే. గాలివాన ఎల్లి మూడేళ్ళయిపోనాది, పైడయ్య ఇంక లేడన్నారు. నాను సరే అన్నాను. కత ఇన్నాక నానే ఆపినాను. మొగుడు బతికుండగా దీన్ని ఎలా ఇచ్చేత్తాను? ఆడున్నాడంటే ఏ ఊరో సెప్పు, ఎల్లి తెచ్చుకుంటాం. లేడంటే నా సేత్తోనే కొత్త కోక కట్టి పంపుతాను. ఏదో ఒకటి సెప్పు బాబూ."

ఇప్పుడెవరూ నవ్వలేదు.

కూర్మనాథం నూకరత్నం వైపు చూశాడు. "నువ్వేమంటావమ్మా?"

"ఆడుంటే ఉంటాను," అంది ఆ పిల్ల నేల చూస్తూ. "ముసిల్దాన్నయిపోయినా ఉంటాను. కత కాదు, నిజం సెప్పండి."

చూశానని అనాలని దేవరాజు మనసులో ప్రార్థన చేసుకున్నాడు.

కూర్మనాథం మైకును పక్కకు తోశాడు. "చూడలేదమ్మా. పేపర్లో రెండు లైన్లు చదివాను. మిగతాది ఇంట్లో కూర్చుని అల్లాను. చెయ్యి నెత్తికి రాసుకునేది మా అన్నయ్య. వల సంగతి ఊరికే తోచింది. నాకు ఈత కూడా రాదు. మీ అబ్బాయి లేడు."

"చూడనిది రాయనన్నారు కదండీ," అన్నాడు ఈశ్వరరావు.

"అబద్ధం చెప్పాను."

వెనక బెంచీలవాళ్ళు కొందరు లేచి వెళ్ళిపోయారు. బొడ్డమ్మ చెంగు దులిపి నడుముకు దోపుకుంది.

"మా బాగా అల్లినావు బాబూ," అంది. "ఆడు బతికున్నట్టే ఉండింది."

తరవాత కోడలి భుజం తట్టింది. "నడవే. నీకు గాజులు కొనాల, బజారు కట్టేత్తారు."

ముందు తనే నడిచింది. గుమ్మం దాటేటప్పుడు నూకరత్నం ఆమె జబ్బ పట్టుకుంది. ముసలామె ఏడుపు మాత్రం వరండా దాటాకే వినబడింది.

స్టేషనులో దేవరాజు కూర్మనాథానికి జీడిపప్పు పొట్లం ఇచ్చాడు గాని, ఆయన మొహంలోకి చూడలేదు.

"మీ కథలు మా పిల్లలకు చెప్పానండీ. ఈయన కల్పించరు, చూసి రాస్తారు అని."

"ఇకమీదట అలా చెప్పకండి మాస్టారూ."

"పోనీ, తెలీదని ఊరుకోవచ్చు కదా. లేడని అంత గట్టిగా ఎందుకన్నారు? ఆమె కన్నతల్లి."

"తెలీదంటే ఆ పిల్ల ఎదురుచూస్తుంది."

రైలు కూత వేసింది. కూర్మనాథం కిటికీ ఊచల మధ్య నుంచి దేవరాజు చెయ్యి పట్టుకుని, ఇంకెవరికీ వినబడకుండా, తను నిజంగా చూసింది చెప్పాడు. రైలు వెళ్ళిపోయాక కూడా దేవరాజు ప్లాట్‌ఫారం మీదనే కూర్చుండిపోయాడు.

ఒడిసా గట్టున పారదీప్ రేవులో కొత్త పెళ్ళాం పక్కన, చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని, "డొంకూరులో నాకెవులూ లేరు బాబూ" అని కూర్మనాథంతో అన్న పైడయ్యను మరిచిపోయినా ఫరవాలేదు, చదివినవారు బొడ్డమ్మను గుర్తుంచుకోండి.