తిరుమలమ్మ మామిడి

“ఆ కొమ్మ మింద చెయ్యేసినావంటే బాగుండదు, సెప్తా ఉండా!”

ఆదిలక్ష్మమ్మ కేకకు చెట్టు కిందున్న మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నడివయసు మనిషి. చేతిలో చిన్న కత్తి, భుజాన తడిపిన గోనెసంచి.

“నాలుగు లేత కొమ్మలమ్మా. అంతే.”

“రేపు జేసీబీ వచ్చి తోటంతా పెరికేస్తాది. అంతలోపలే నీకేం తొందర? పీనుగ మింద నగలు వొలిసేదానికి వచ్చినావా?”

అతను తల దించుకున్నాడు.

సత్యవేడు దగ్గర ఆమెకున్నది రెండెకరాల మామిడితోట. ఫ్యాక్టరీలకు వేసే కొత్త రోడ్డు కింద మొత్తం పోయింది. పరిహారం అందింది. కొడుకు రవిచంద్రకు ఫ్యాక్టరీలో ఉద్యోగమూ వచ్చింది. అయినా ఈ ఒక్క చెట్టును వదులుకోవడానికి ఆమెకు మనసు రావడం లేదు.

“ఇది యే రకం మా?”

“రకమూ లేదు, గికమూ లేదు. మా అత్త తిని పారేసిన టెంక మొలిచింది. ఇట్లాంటి కాయ ఈ సుట్టుపక్కల యాడా లేదు.”

“మీ అత్త పేరేంది మా?”

“తిరుమలమ్మ. ఆమె పేరు నీకెందుకు? పో ఈడి నుంచి!”

అతను పోలేదు. గబగబా నాలుగు కొమ్మలు కోసి గోనెలో చుట్టుకున్నాడు.

ఆమె మట్టిగడ్డ తీసి విసిరింది. వీపున తగిలింది. అతను ఆమె వైపు తిరిగి చేతులు జోడించి, వెళ్ళిపోయాడు.

తోట కూలుతుంటే చూడలేక ఆమె ఆ సాయంత్రమే పుత్తూరులో చెల్లెలింటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఎర్రమట్టి చదునుగా పరుచుకుని ఉంది.

నాలుగేళ్ళు గడిచాయి. కొడుకు కాలనీలో ఇల్లు కట్టాడు. ముంగిట ఒక మొక్కన్నా ఉండాలని, తొలి వాన పడగానే ఆదిలక్ష్మమ్మ నర్సరీకి పోయింది.

కంచె పక్కన ఒక మామిడి చెట్టు. మనిషెత్తు కూడా లేదు, అప్పుడే కాపుకొచ్చింది. కింద రాలిన పండు తీసి వాసన చూసింది. కొరికింది.

తేనెలాంటి తీపి. టెంక దగ్గర సన్నటి పులుపు.

కొమ్మకు కట్టిన రేకుముక్క పట్టుకుని, నర్సరీ నడిపే కృపామణిని పిలిచింది.

“దీని మింద యేమి రాసుండాది తల్లీ?”

“తిరుమలమ్మ మామిడి,” అంది కృపామణి.

ఆదిలక్ష్మమ్మ చెట్టును పట్టుకుని ఏడ్చేసింది.

“మా ఆయన జయరావు అంటు కట్టినాడు మా. ఇట్లా పద్దెనిమిది రకాలుండాయి. తోట పొయ్యేదానికి ముందురోజే కొమ్మలు తెచ్చేవోడు. ఆ చెట్టు ఎవురిదైతే వాళ్ళ పేరే పెట్టేవోడు.”

“మట్టిగడ్డతో కొట్నానమ్మా ఆయన్ని! యాడుండాడు? కాళ్ళకి మొక్కతా.”

“పోయిన డిసెంబర్‌లో గుండెపోటొచ్చి పోయినాడు మా.”

ఆదిలక్ష్మమ్మ ఆ చెట్టుకే చేతులు జోడించింది. అదే రకం మొక్కలు రెండు ఎంచుకుని, బిడ్డల్లా ఒళ్ళో పెట్టుకుంది.

“సల్లని మనిషి. మా అత్తను తిరిగిచ్చినాడు,” అని కళ్ళు తుడుచుకుంది. “అవునే తల్లీ, ఏ తోట ఏ పొద్దు పోతాదో ఆయనకి ముందే యెట్లా తెలిసేది?”

కృపామణి కొంగు సర్దుకుని, మెల్లగా చెప్పింది.

“ఆ జేసీబీ తోలేది ఆయనే గదమ్మా.”