ఆకాశంలో నాగటిచాలు

“అయ్యో, విమానం వెనక్కి పోతాండాది!”

ఓర్వకల్లు విమానాశ్రయం గేటు బయట శివలీల గుండెల మీద చెయ్యి పెట్టుకుంది.

విశాఖపట్నం నుంచి వస్తున్న ఆ విమానంలో ఆమె కూతురు నాగజ్యోతి ఉంది. విమానం ఎక్కడం ఇదే తొలిసారి.

“రైల్లో డోన్‌కు రమ్మంటే ఇనలేదు. ఇప్పుడు చూడు!”

“ఏం కాదులేమ్మా,” అన్నాడు పక్కనున్న పెద్దాయన. పంచె ఎగగట్టి, భుజాన ఎర్ర తువ్వాలు వేసుకున్నాడు. “ఈడ చినుకు లేకున్నా ఆ పక్క రన్‌వే మీద వాన దంచుతాండాది. నిలిచేదాంకా పైన్నే తిరగమని చెప్పింటారు.”

“తిరిగితే ఈడ తిరగాల గానీ, అట్ల వెనక్కెందుకు పోతాండాడు?”

ఆయన గొంతుక్కూర్చుని, పుల్లతో మట్టిలో కోడిగుడ్డులా సాగిన గీత గీశాడు.

“ఇది వాళ్ళు తిరిగే దోవ. పోయేది ఒక నిమిషం, వచ్చేది ఒక నిమిషం. ఏ దిక్కు నుంచి వచ్చినారో చూసుకోని దీంట్లో దూరాల. ఎద్దుల్ని చాలుకు ఎదురుగా తోలుకొస్తే ఏం చేస్తాం? పక్కనే కొసదాంకా పోయి, మలుపుకోని, అప్పుడు చాల్లో పెడతాం. ఆ నడిపే పిల్లోడూ అదే చేస్తాండాడు.”

“పిల్లోడా! ఎవురు కన్నారో ఏమో, నేర్చుకునేదానికి వానికి మా పాపే దొరికిందా?”

పెద్దాయన గీసిన గీత మీదే మళ్ళీ గీశాడు.

విమానం మబ్బులో దూరింది. కాసేపటికి చప్పుడు కూడా ఆగిపోయింది.

“ఇనపడలేదప్పా!”

“ఇది పోయే నిమిషమమ్మా. నలభై... యాభై... ఇంగ మలుపుతాడు.”

చప్పుడు మళ్ళీ దగ్గరైంది.

శివలీల ఉరుకుంద ఈరన్నసామికి మొదట తన జుట్టు ఇస్తానని మొక్కుకుంది. మూడో చుట్టుకు కూతురి జుట్టు కూడా మొక్కేసింది.

“నీకేమప్పా, పుల్ల పట్టుకోని బొమ్మలేస్తాండావు! నీవాళ్ళెవరన్నా అందులో ఉంటే తెలిసేది.”

ఆయన తల వంచుకుని ఇంకోసారి గీశాడు.

అయిదో చుట్టుకు వాన తగ్గింది. గోడ అవతల చక్రాలు నేలను తాకాయి.

శివలీల రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. పెద్దాయన తువ్వాలుతో ముఖమంతా తుడుచుకున్నాడు.

“బస్సుకు పోతానమ్మా. ఎద్దులు నీళ్ళకు చూస్తాంటాయి.”

“పో, పో,” అంది, ఆయన వైపు చూడకుండానే.

నాగజ్యోతి నవ్వుతూ వచ్చింది. శివలీల కూతురి చేతులూ భుజాలూ తడిమి చూసుకుంది.

“అన్ని చుట్లు తిప్పినాడే, భయం కాలేదా?”

“అయినాదిమా. ఆ కెప్టెన్ మాటలతోనే పోయింది.”

నడవబోతుంటే పెట్టె చక్రం మట్టిలో దిగబడింది. శివలీల వంగి చూసింది. గీసిన చోటే గీసి గీసి, ఆ గీత బెత్తెడు లోతు దిగి ఉంది.

“ఏం చెప్పినాడే?”

“‘నేను ఈరేష్, మాది కోడుమూరు. మలుపు తిప్పేది నాగలి కాడ మా నాయన నేర్పినాడు, భయపడొద్దండి. నాకు బయటికొచ్చే టైముండదు. ఎర్ర తువ్వాలాయన గేటు కాడ కనపడితే, మీ కొడుకు బాగుండాడని ఒక మాట చెప్పండి’ అన్నాడుమా.”