స్వాధీనం

అమలాపురం కోర్టులో గుడి దేవుడు గెలిచాడు. మోషే ఇల్లున్న స్థలం దేవుడిదేనని తీర్పు వచ్చింది.

తీర్పు అమలు చేయించే కోర్టు అమీను, గుడి ధర్మకర్త పురుషోత్తంగారు క్రైస్తవుల పేటకు వచ్చేసరికి మోషే సామానంతా వీధిలో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"స్వామివారు రాలేదాండీ? స్థలం ఆయనకే అప్పగించమన్నారు కదండీ."

"చట్టం దృష్టిలో దేవుడూ మనిషేనయ్యా, కానీ మైనరు. ఆయన తరఫున ధర్మకర్తగారు పుచ్చుకుంటారు," అన్నాడు అమీను.

"అయ్యో, పసివాడాండీ! అయితే ఎత్తుకు తీసుకురావలసిందండీ."

స్వామి ఊరేగింపు ఏనాడూ ఈ పేటలోకి రాలేదు.

"మీరు లోపల అడుగు పెడితే స్వాధీనం అయినట్టేనండి," అమీను తొందరపెట్టాడు.

పురుషోత్తంగారు గుమ్మం దాకా వెళ్లారు. ఈ పేటలో ఏ ఇంటి గడపా ఆయన ఇంతవరకు తొక్కలేదు. పంచె కుచ్చెళ్లు పైకి పట్టుకుని ఒక కాలెత్తారు. చుట్టూ జనం చూస్తున్నారు. ఎత్తిన కాలు వెనక్కే దింపారు.

"ఇవాళ తిథి బాగోలేదండి," అంటూ వెళ్లి రిక్షా ఎక్కేశారు.

"మనం గెలిచేమా?" అంది మోషే భార్య ఆశగా.

మోషే బియ్యం కుండ ఎత్తుకుని ఇంట్లోకి నడిచాడు.

"లేదే, ఓడిపోయేం. గెలిచినోళ్లే లోపలికి రాలేకపోయేరు."