వేలెడంత ఎడం

టంగ్‌స్టన్ పొడిని అచ్చులో నొక్కి కడ్డీ చేయడం ఆమెకు నేర్పింది అక్కే. ఆ అక్క పోయి వారమైంది. అక్క నొక్కిన ఆఖరి కడ్డీని పారేయడానికి చేతులు రాక, చెల్లెలు దాన్ని ట్రేలో తన కడ్డీ పక్కన పెట్టింది. నడుమ వేలెడంత ఎడం వదిలి ఫర్నేస్ మూసింది.

లోపల పొడి కరగదు. రేణువులు తాకిన చోటల్లా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, మధ్యనున్న ఖాళీలు పూడిపోతాయి, కడ్డీ గట్టిపడి చిక్కిపోతుంది. కాబట్టి ఎడం పెరగాలే గాని తరగకూడదు.

రాత్రి బాగా పొద్దుపోయాక, చల్లారిన ఫర్నేస్ తెరిచింది. ట్రేలో ఒకే కడ్డీ ఉంది. గ్లవ్ వేలితో తడిమినా అతుకు తగల్లేదు.

సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది.

"రెండూ ఆనించి పెట్టుంటావమ్మా," అన్నాడాయన నిద్రమత్తులో.

"లేదు సార్. ఎడంగానే పెట్టాను."

"ట్రే కదిలిందేమో. పొద్దున చూద్దాంలే, ముట్టుకోకు."

ఫోన్ పెట్టేసింది. ఫ్యాన్ల హోరు కూడా ఆగిపోయి షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంది. గ్లవ్ తీసి కడ్డీ మీద అరచెయ్యి ఆనించింది. తను నొక్కిన సగం చల్లగా ఉంది. రెండో సగం మాత్రం, ఎవరో ఇప్పటిదాకా పట్టుకుని వదిలినట్టు, గోరువెచ్చగా ఉంది.

ఆమెకు భయం వేసింది. అయినా చెయ్యి తీయబుద్ధి కాలేదు.