ఒంట్లో బాగానే ఉంది

నర్సమ్మ మళ్ళీ తననే చూస్తోంది.

అతను చటుక్కున ముఖం జలపాతం వైపు తిప్పుకున్నాడు. ముచ్చటపడి చూస్తున్నట్టు నోరు కాస్త తెరిచి నిలబడ్డాడు. నిజానికి నీళ్ళు కిందికి పడుతున్నాయో పైకి ఎగురుతున్నాయో తేల్చుకునే స్థితిలో లేడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. పొద్దున తిన్న రెండు ముద్దలూ గొంతు దాకా వచ్చి, పోవాలా ఉండాలా అని బేరమాడుతున్నాయి.

ఆవిడ పేరేమిటో ఎవరూ అడగలేదు. ఏళ్ళ తరబడి ఆస్పత్రిలో చేసి రిటైరయ్యానని పొద్దున్నే చెప్పుకుంది కాబట్టి బృందమంతా నర్సమ్మ అంటోంది. దీవులు చూడ్డానికి వచ్చిన మనిషి, దీవుల్ని గాలికొదిలేసి అతని మొహమే చూస్తోంది. ఇక్కడికి వచ్చేటప్పుడు పడవ రేవుకి కాస్త గట్టిగానే తగిలింది. అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి పగలబడి నవ్వుకున్నారు. నర్సమ్మ నవ్వలేదు. లేచి నిలబడి మరీ అతని వంక చూసింది.

ఇప్పుడు దగ్గరికే వచ్చేసింది.

"ఒంట్లో బాగానే ఉందా, నాయనా?"

"బాగానే ఉందండీ. ఎండ."

"ఎండ అందరికీ ఉంది. చెమట నీ ఒక్కడికే పడుతోంది. రాత్రి ఏమైనా పుచ్చుకున్నావా?"

"నాకు ఆ అలవాటు లేదండీ," అన్నాడు రోషంగా. అది మాత్రం నిజం.

ఆవిడ మొహమాటం లేకుండా వాసన చూసింది. నుదురు ముట్టుకోబోయింది. అతను ఒక అడుగు వెనక్కి వేసి, "అలాగే ఉండండి, మీకో ఫొటో తీస్తాను," అని ఆవిడ ఫోను లాక్కున్నాడు. తీసిన ఫొటోలో ఆవిడ మోచెయ్యి, బోలెడంత ఆకాశం పడ్డాయి. నర్సమ్మ ఆ ఫొటో వంక, తర్వాత అతని వంక చూసి, ఫోను తీసుకుని, తల అడ్డంగా ఊపుతూ వెళ్ళిపోయింది. ఆ ఊపే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

బాగాలేదని పొక్కిందా, అంతే సంగతులు. పోయిన వేసవిలో ఇలాగే కళ్ళు తిరిగి పడితే ట్రావెల్స్ యజమాని మొహం మీదే చెప్పాడు, ఇంకోసారి ఇలా అయితే ఇక ఇంట్లోనే కూర్చో అని. అప్పుడు నెలల తరబడి కూర్చున్నాడు కూడా. పొద్దున్నే భార్య పనికి పోయేది, పిల్లలు బడికి పోయేవాళ్ళు. ఇంట్లో అతనూ సీలింగు ఫ్యానూ మిగిలేవాళ్ళు. తోమిన గిన్నెలే మళ్ళీ తోమినా పొద్దు గడిచేది కాదు. చచ్చినా ఆ బతుకు మళ్ళీ వద్దనుకున్నాడు. గైడుగా పనిచేసే బావమరిది కాళ్ళావేళ్ళా పడి యజమానిని ఒప్పిస్తే ఈ ట్రిప్పులో చోటు దొరికింది. ఇక్కడ కూలబడితే తన పరువుతో పాటు వాడి పరువూ పోతుంది.

జలపాతం నుంచి గుహకి పోయే దారిలో అతను అందరికన్నా వెనక నడిచాడు. ఎవరూ తప్పిపోకుండా చూసుకోమని బావమరిదే ఆ పని అప్పజెప్పాడు. ఒకందుకు మంచిదే, చివర నడిచేవాడు తూలినా ఎవరి కంటా పడదు.

కానీ ముందు జరుగుతున్నది అతని కంట పడింది. నర్సమ్మ బావమరిదిని పక్కకి లాగి ఏదో నూరిపోస్తోంది. వాడు తల గోక్కున్నాడు. ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుతూ, అతన్ని చూడగానే గొంతు తగ్గించాడు. సొంత అక్క మొగుడి దగ్గర గొంతు తగ్గించడమేమిటి? అతనికి ఒళ్ళు మండింది. తనని ఇక్కడే వదిలేసి పోవడానికి ఇద్దరూ కూడబలుక్కుంటున్నారు, సందేహం లేదు.

గుహ చీకట్లో ఓ మూలకి పోయి కడుపులో ఉన్నదంతా కక్కేసి, నోరు పుక్కిలించుకుని, "ఆహా, ఏం గుహండీ," అంటూ బయటికొచ్చాడు.

సాయంత్రం రేవు దగ్గర నర్సమ్మ అడ్డం తిరిగింది.

"ఇతనికి ఒంట్లో బాగాలేదు. ఇతను వస్తే నేను రాను. ఇక్కడే ఎవరైనా డాక్టరుకి చూపించండి."

"బాగానే ఉందని ఆయనే అంటుంటే మధ్యలో మీకేంటండీ?" అన్నాడు బృందంలోని కొత్త పెళ్ళికొడుకు. "అవతలి దీవిలో సూర్యాస్తమయం చూద్దామని వచ్చాం. ఇక్కడే పొద్దు గూకేట్టుంది." పెళ్ళికూతురు వంత పాడింది. మిగతావాళ్ళూ గొణిగారు.

బావమరిది దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"బావా, అక్క మీద ఒట్టేసి చెప్పు. రాగలవా? లేదంటే చెప్పెయ్, ఈ రాత్రికి అందరం ఇక్కడే ఉండిపోదాం."

భార్య మీద ఒట్టు అనేసరికి అతనికి భయం వేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ వెంటనే పగటిపూట ఖాళీ ఇల్లు కళ్ళ ముందు మెదిలింది.

"ఒట్లెందుకురా, చూడు," అని రేవు మీదనుంచి ఒక్క దూకు దూకి పడవలో దిగాడు. తూలకుండా నిలబడ్డాడు కూడా. కొత్త పెళ్ళికొడుకు చప్పట్లు కొట్టాడు. అది చూసి అందరూ కొట్టారు. పిక్నిక్ బుట్టలు, టోపీలు, కెమెరాలు పడవలోకి చేరాయి.

నర్సమ్మ చాలాసేపు రేవు మీదే నిలబడింది. చీకటి పడే వేళ ఒక్కర్తే ఉండిపోవడానికి ధైర్యం చాల్లేదేమో, చివరికి ఎక్కింది. లైఫ్ జాకెట్ వేసుకుని, పట్టీలు బిగించుకుని, అతనికి ఎదురుగానే కూర్చుంది.

"ఇంకా అనుమానమేనా అమ్మా?" అని నవ్వాడతను.

ఆవిడ పట్టీలు ఇంకోసారి బిగించుకుంది.

రెండుగా కనబడుతున్న స్టీరింగుల్లో అసలుది ఏదో తడిమి పట్టుకుని, అతను పడవని నడిసముద్రం వైపు తిప్పాడు.