ఫోర్తీనో ఎరుపు

ఆ రోజు ఫోర్తీనో రేడియో మీదికి రాయి విసిరాడు.

గురి తప్పింది. రంగుపురుగులు నూరే రాయి అది. వెళ్ళి పొయ్యి పక్కనున్న ఎనామిల్ గంగాళానికి తగిలి ఠంగుమంది.

రేడియో ఆగలేదు.

"...మందుల షాపు వెనకగదిలో మొదలుపెట్టి, ఎర్రరంగు పొడి కనిపెట్టి, ఈనాడు మన వహాకా పట్నంలో మూడు ఫ్యాక్టరీలకు యజమాని అయిన దోన్ అబుందియో సారాతే గారికి బంగారు పతకం..."

"ఆపు!" అని అరిచాడు ఫోర్తీనో.

"ఏది? రేడియోనా, నీ ఏడుపా?" అంది భార్య జెనాయిదా, మొక్కజొన్న రొట్టెలు తడుతూ.

ఏడుపే. దాచడం దేనికి! ముప్పై ఏళ్ళ కడుపుమంట.

నాగజెముడు మీది పురుగుల్ని ఏరి, ఎండబెట్టి, నూరి, పటిక వేసి, నిమ్మరసం పిండి, రెండు రోజులు కాచుకుంటే గానీ రాని ఎరుపు అతనిది. అబుందియో పొడి పది నిమిషాల్లో తెస్తుంది. మా ఊరి నేతగాళ్ళంతా దానికే ఎగబడ్డారు. పొట్లం మీద అబుందియో పేరు, కోరమీసంతో, టైతో నవ్వే అతని పడుచునాటి బొమ్మ ఉంటాయి. ఆ పొట్లం కనిపిస్తే చాలు, ఫోర్తీనో పొయ్యిలో పెట్టేవాడు.

ఇక అతని ఎరుపు కొనేవాడు ఒక్కడే మిగిలాడు. నెలకో చిలప, ఎరుపు అద్దిన ఉన్నిదారం చుట్ట. పట్నంలో దుకాణం నడిపే ఎలోదియా చేతి మీదుగా వెళ్ళేది.

"ఎవరమ్మా ఆయన?" అని అడిగితే, "పేరు చెప్పొద్దన్నాడు. బేరమాడడు కదా, నీకెందుకు?" అనేది ఆవిడ.

ఆ ఒక్కడూ మానేస్తే పొయ్యి ఆర్పేసి అల్లుడి ఇటుకబట్టీలో కూలికి పోవాలి.

సరిగ్గా అప్పుడే ఎరుపు చచ్చింది. రాయి విసిరిన వారం నుంచి చిలపలన్నీ మాసిన వంకాయరంగులో తేలుతున్నాయి. ఆ నెల అదే పంపాల్సి వచ్చింది.

"ఎవడో నా మీద కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడే," అన్నాడు ఫోర్తీనో.

మరిగే రంగును ఓర్వలేనివాడు చూస్తే అది విరుగుతుందని మా ఊళ్ళో అందరం నమ్ముతాం. ఫోర్తీనో పొయ్యి చుట్టూ దుప్పట్లు కట్టేశాడు.

మరుసటి నెలలో ఒక మంగళవారం, గడ్డిటోపీ పెట్టుకున్న బక్క ముసలాయన బస్సు దిగి వచ్చాడు. నున్నగా గీసిన మొహం, ఆగని దగ్గు.

"ఎరుపు వేసేది మీరేనా బాబూ? ఒక్కసారి గంగాళం చూడనిస్తారా?"

"గంగాళం చూస్తావా! ఎవడు పంపాడు? ఆ అబుందియోనా?"

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చాను."

అంటూనే దుప్పటి పక్కకు తీశాడు. "ఈ సొట్ట ఎప్పుడు..."

"తిప్పుకో ఆ కళ్ళు! ఏడుపు కళ్ళూ నువ్వూ!"

ముసలాయన నవ్వాడు. "నిజమే. ఏడుపు కళ్ళే. చాలా ఏళ్ళ ఏడుపు."

ఫోర్తీనో అతన్ని రెక్క పట్టుకుని గేటు దాకా లాక్కెళ్ళి, బయటికి నెట్టాడు. కిందపడ్డ టోపీని వెనకాలే విసిరాడు.

జెనాయిదాకు సిగ్గేసింది. చిప్పలో వేడి చాక్లెట్ పోసుకుని వెంట పరిగెత్తింది. ఆయన రెండు గుక్కలు తాగాడు.

"అమ్మా, గంగాళం చల్లారాక లోపల తడిమి చూడండి. ఎనామిల్ పెచ్చు లేస్తే ఇనుము బయటపడుతుంది. ఇనుము తగిలితే ఆ ఎరుపు బతకదు."

ఆమె వచ్చి చెప్పింది.

"దారినపోయేవాడు నాకు అద్దకం నేర్పుతాడా!" అని ఫోర్తీనో పది రోజులు అలిగాడు.

పదకొండో రోజు జెనాయిదా అడక్కుండానే గంగాళంలో చెయ్యి పెట్టింది. సొట్ట దగ్గర వేలు గీసుకుంది. తీసి చూస్తే గోట్లో తుప్పు.

ఈసారి రంగును మట్టికుండలో కాచారు. రెండో రోజుకు చిలప దానిమ్మగింజలా పైకి లేచింది.

ఫోర్తీనో పొయ్యి చుట్టూ కట్టిన దుప్పట్లు విప్పేశాడు.

"ఆ పెద్దాయనది ఏ ఊరో అడిగావా?"

"అడిగేలా ఉంచావా ఆయన్ని?" అంది జెనాయిదా.

చిలప తీసుకుని ఎలోదియా దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చెయ్యి చాపలేదు.

"ఇంక వద్దు ఫోర్తీనో. ఆయన పోయాడు. నిన్ననే తొమ్మిదో రోజు ప్రార్థన అయింది. ఇది నీకిమ్మని చెప్పి పోయాడట."

పెద్ద చెక్కపెట్టె. మూత తీస్తే ముప్పై ఏళ్ళ తన చిలపలు, ఒక్కటీ వాడలేదు. ప్రతిదానికీ ఫ్యాక్టరీ రంగు వేసిన ఉన్ని ముక్క, దాంతో ఒక చీటీ కట్టి ఉన్నాయి. అన్ని చీటీల్లో ఒకే చేతిరాత, పైనున్న ఒక్కదాంట్లో తప్ప అవే రెండు మాటలు.

మాకింకా రాలేదు.

అన్నిటికంటే పైన ఆ మాసిన వంకాయరంగు చిలప ఉంది. దాని పక్కన ఫ్యాక్టరీ ముక్క ధగధగా మెరుస్తోంది.

"ఎవరాయన?" అన్నాడు ఫోర్తీనో.

"దాని చీటీ చదువు."

"ఈసారి మాదే గెలిచింది. కానీ ఇది ఫోర్తీనో ఎరుపు కాదు, పాపం అతని పాత్రకేదో అయింది, వెళ్ళి చెప్పి రావాలి," అని రాసి ఉంది; కింద సంతకం, తను ముప్పై ఏళ్ళుగా పొయ్యిలో పెట్టిన పేరే, అబుందియో సారాతే.